మార్పులు చేసిన బండికి హెడ్‌లైట్ మార్చే ముందు

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా పాత సింగిల్ సిలిండర్ మోటారుసైకిల్‌కు ఏడాదిగా నేనే స్వయంగా మార్పులు చేసుకుంటున్నాను. హ్యాండిల్ కిందికి దించాను, వెనక సస్పెన్షన్ 3 సెంటీమీటర్లు ఎత్తు పెంచాను, ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయించాను. ముందున్న 7 అంగుళాల హెడ్‌లైట్ తీసేసి 5¾ అంగుళాల చిన్న డూమ్ (హెడ్‌లైట్ గిన్నె) బిగించాను. ఆ తరువాత రాత్రిపూట దారి సరిగా కనిపించకపోవడంతో, హెచ్4 హాలోజెన్ బల్బు స్థానంలో అదే హోల్డర్‌లో పట్టే ఎల్ఈడీ బల్బు పెట్టాను. ఇప్పుడు చక్రం ముందు రోడ్డంతా తెల్లగా వెలుగుతోంది కానీ దూరం మునుపటికన్నా తక్కువగా కనిపిస్తోంది. పైగా నేను లో బీమ్‌లో వెళ్తున్నా ఎదురుగా వచ్చేవారు డిప్ చేయమని లైట్లు కొడుతున్నారు. ఇంతకంటే శక్తిమంతమైన బల్బు ఏదైనా సూచించగలరా?

జవాబు: శక్తిమంతమైన బల్బు పెడితే మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ ఇంకా పెరుగుతాయి కాబట్టి దానిని సూచించలేను. దగ్గర తెల్లబడి దూరం చీకటిగా ఉండటం, లో బీమ్‌లోనే ఎదుటివారి కళ్లు చెదరడం, ఈ రెండూ వెలుగు తక్కువైనందువల్ల వచ్చినవి కావు. వెలుగు పడవలసిన చోట పడకపోవడం వల్ల వచ్చినవి.

హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు, అంటే వేడెక్కి వెలిగే సన్నని తీగలు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె వంటి అడ్డు ఉంటుంది. ఆ అడ్డు రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుగు చేరకుండా ఆపుతుంది కాబట్టి, పై సగం మీద పడిన వెలుగు మాత్రమే వంగి రోడ్డు మీదికి దిగుతుంది, గోడ మీద చూస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్య ఒక స్పష్టమైన గీత కనిపిస్తుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న ఆ సన్నని తీగ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేసినది. ఎల్ఈడీ బల్బులో ఆ తీగకు బదులు ఒక పలకకు రెండు వైపులా అతికించిన చిప్‌లు ఉంటాయి. పలకకు మందం ఉంటుంది, చిప్‌లకు వెడల్పు ఉంటుంది. వెలుగు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగినా రిఫ్లెక్టర్ దానిని వేరే దిక్కుకు పంపుతుంది, గీత చెరిగిపోతుంది, కొంత వెలుగు పైకి చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది, మిగిలినది చక్రం ముందు కుప్పపడుతుంది. ఆ కుప్పపడిన వెలుగుకు మీ కంటిపాప ముడుచుకుపోవడంతో దూరంలో ఉన్న గుంతగానీ మనిషిగానీ అంతకంటే ముదురు చీకటిలో కలిసిపోతారు.

అందువల్ల ముందుగా హాలోజెన్ బల్బునే తిరిగి పెట్టండి. పెట్టేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోకండి, చర్మపు జిడ్డు అంటిన చోట గాజు వేడికి చెడుతుంది. ఆ తరువాత ఒక మల్టీమీటర్ తీసుకోండి. ఇంజిన్ నడుస్తూ, లైటు వెలుగుతూ ఉండగా మీటర్ ఒక కొనను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొనను బల్బు పాజిటివ్ కాలుకు ఆనిస్తే, దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో నేరుగా చూపిస్తుంది. ఇదే పరీక్ష బ్యాటరీ నెగెటివ్‌కు, బల్బు ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) కాలుకు మధ్య కూడా చేయండి. రెండూ కలిపి అర వోల్టు దాటితే వైరింగ్ సరిచేయవలసిందే. హాలోజెన్ బల్బు వెలుగు, వోల్టేజీ తగ్గిన నిష్పత్తిలో కాక, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ 10 శాతం పడిపోతే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. 13.2 వోల్టుల వద్ద 60/55 వాట్ల హెచ్4 బల్బు హై బీమ్‌లో సుమారు 1650, లో బీమ్‌లో సుమారు 1000 ల్యూమెన్ల (వెలుగు కొలత) వెలుగు ఇవ్వాలని ప్రమాణం. మీ బండిలో బల్బు దగ్గరికి 12 వోల్టులు కూడా రాకపోతే, మీరు కొత్తగా కొనదలచిన వెలుగులో పెద్ద భాగం ఆ తీగల్లోనే వృథా అవుతున్నట్లు లెక్క.

మీ ఉత్తరంలో పౌడర్ కోటింగ్ ప్రస్తావన చూడగానే నాకు మొదట అనుమానం వచ్చింది ఎర్త్ మీదనే. పాత బండ్లలో అనేక ఎర్త్‌లు ఛాసిస్ లోహం ద్వారానే పోతాయి. పూత వేసిన తరువాత బోల్టు కింద లోహం లోహానికి తగలకపోతే కరెంటు ఏదో ఒక గీరు దగ్గర సన్నగా దారి వెతుక్కుంటుంది. బోల్టు కింద పూత గీకి తుప్పు పట్టనివ్వడం కంటే, డూమ్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు నేరుగా ఒక తీగ వేసుకోవడమే మేలు.

పాజిటివ్ వైపు లోపం ఉంటే రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు పెట్టండి. పాత వైరింగ్‌లో బల్బుకు వెళ్లే సుమారు 5 ఆంపియర్ల కరెంటు తాళం చెవి స్విచ్చి గుండా, హ్యాండిల్ మీది స్విచ్చి గుండా, అనేక కనెక్టర్ల గుండా ప్రయాణిస్తుంది, అరిగిన ప్రతి స్విచ్చి కొంత కొంత తినేస్తుంది. రిలే పెడితే స్విచ్చి చేసే పని రిలే చుట్టను లాగడం వరకే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి, రిలే మీద 30 అని ఉన్న కాలుకు వచ్చి 87వ కాలు నుంచి బల్బుకు పోతుంది, 85, 86 కాళ్లు చుట్టవి. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు కావాలి. తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు, ఫ్యూజు మాత్రం బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. హ్యాండిల్ మెడ దగ్గర తీగలకు కొంత వదులు ఉంచి, హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొస వరకు తిప్పి ఎక్కడా లాగడంగానీ నలగడంగానీ లేదని చూసుకోండి. మార్పులు చేసిన బండ్లలో తీగ తెగేది చాలాసార్లు అక్కడే, అదీ బయటి తొడుగు బాగానే ఉండి లోపలి రాగి తెగుతుంది కాబట్టి లోపం పట్టుకోవడం కష్టం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మీరు వెనక ఎత్తు పెంచడం. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 140 సెంటీమీటర్లు అనుకుంటే, వెనక 3 సెంటీమీటర్లు లేపినందువల్ల బండి ముక్కు సుమారు 2.1 శాతం కిందికి వంగింది. హెడ్‌లైట్ భూమికి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, గీత 1 శాతం వాలుతో ఉంటే అది 80 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. దానికి ఈ 2.1 శాతం కలిస్తే దాదాపు 26 మీటర్ల దగ్గరే తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, కంటికి కనిపించినది గుర్తించి బ్రేకు మీద చెయ్యి పడేలోపు గడిచే ఒకటిన్నర సెకనులోనే బండి 25 మీటర్లు దాటిపోతుంది. అంటే మీరు ఏ బల్బు పెట్టినా, చూసిన వస్తువు ముందు ఆగడానికి మీకు దూరం మిగలదు.

గురి సరిచేయడానికి సమతలంగా ఉన్న నేల మీద, గోడకు 10 మీటర్ల దూరంలో బండిని నిటారుగా నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, మీరు సీటు మీద కూర్చొని ఉండాలి. హెడ్‌లైట్ మధ్య భాగం ఎత్తును గోడ మీద గుర్తు పెట్టి, లో బీమ్ గీత ఆ గుర్తుకు 10 సెంటీమీటర్ల కింద పడేటట్లు డూమ్‌ను సర్దండి. మీరు తరచుగా వెనక ఒకరిని ఎక్కించుకునే వారైతే వారిని కూడా కూర్చోబెట్టి మరొకసారి చూడండి, వెనక బరువు పడితే ముక్కు పైకి లేచి ఎదుటివారిని ఇబ్బంది పెడుతుంది. ఐక్యరాజ్యసమితి 53వ నిబంధన ప్రకారం మోటారుసైకిల్ లో బీమ్ దీపం భూమికి 500 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఎత్తులోగానీ, 1200 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఎత్తులోగానీ ఉండరాదు. డూమ్ ఇంకా కిందికి దించాలనే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఇవన్నీ చేసిన తరువాత కూడా ఎల్ఈడీయే కావాలనిపిస్తే, బల్బు కాక, దాని కోసమే తయారైన అద్దంతో, రిఫ్లెక్టర్‌తో వచ్చే పూర్తి యూనిట్ కొనండి. 5¾ అంగుళాల కొలతలో అవి దొరుకుతాయి. అద్దం మీద వృత్తంలో ఇ (E) అనే ఇంగ్లిషు అక్షరం, దాని పక్కన అంకె ఉన్న ఆమోద ముద్ర ఉండాలి. గీత ఒక పక్క పైకి లేచే రకమైతే, అది మీరు బండి నడిపే వైపు అంచుకు లేవాలి. అటు కాక రోడ్డు మధ్యకు లేచేది వేరే దేశపు రోడ్లకు చేసినది, ఎంత సర్దినా ఎదుటివారి కళ్లలోనే పడుతుంది. యూనిట్ వెనక వేడిని లాగే లోహపు రెక్కలు ఉంటాయి కాబట్టి మీ చిన్న డూమ్ లోతు ముందే కొలుచుకోండి.

ప్రశ్న: నా పాత బండికి పూర్తి ఎల్ఈడీ యూనిట్ పెడితే, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వెలుగు మిణుకుమిణుకుమంటోంది. యూనిట్ పాడైందా?

జవాబు: చాలావరకు యూనిట్ బాగానే ఉండవచ్చు. కొన్ని పాత బండ్లలో హెడ్‌లైట్‌కు బ్యాటరీతో సంబంధం ఉండదు, ఇంజిన్‌తో కరెంటు పుట్టించే చుట్ట అయిన స్టేటర్ నుంచి, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు నేరుగా వస్తుంది. ఫిలమెంటు వేడి వెంటనే చల్లారదు కాబట్టి ఆ హెచ్చుతగ్గులు కంటికి తెలియవు, ఎల్ఈడీ మాత్రం కరెంటు ఆగిన క్షణంలోనే ఆరిపోతుంది. ఇంజిన్ ఆపి తాళం చెవి మాత్రం వేసినప్పుడు హెడ్‌లైట్ వెలగకపోతే మీది ఈ రకం కావచ్చు. అప్పుడు స్టేటర్ చుట్ట ఎర్త్ కొనను విడదీసి, రెండు కొనలనూ ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెగ్యులేటర్ రెక్టిఫయర్‌కు ఇచ్చి, హెడ్‌లైట్‌ను బ్యాటరీ వైపుకు మార్చాలి. స్టేటర్ విప్పడం అలవాటు లేకపోతే ఈ పని ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.

ప్రశ్న: పాత హోల్డర్‌లోనే 100/90 వాట్ల బల్బు పెట్టవచ్చా?

జవాబు: వద్దు. 100 వాట్లంటే 8 ఆంపియర్లకు పైగా కరెంటు, హోల్డర్, స్విచ్చి, రిఫ్లెక్టర్ పూత ఆ వేడికి చేసినవి కావు. చిన్న స్టేటర్ ఉన్న బండిలో బ్యాటరీ కూడా నిండదు, రాత్రి ప్రయాణం తరువాత ఉదయం బండి స్టార్ట్ కాకపోవచ్చు.