పరుగు బటన్‌కి ధర ఉండాలి

ప్రశ్న: పీసీలో ఏ షూటింగ్ గేమ్ పెట్టినా షిఫ్ట్ నొక్కి పట్టుకునే ఉండాలి. కాసేపు ఆడేసరికి చిటికెన వేలు లాగేస్తోంది. ఎలాగూ అందరూ పరిగెడుతూనే ఉంటారు కదా, మామూలు నడకనే ఆ వేగంలో పెట్టేస్తే పోలా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు వేలి సంగతి చూద్దాం. సెట్టింగ్స్‌లో కంట్రోల్స్‌లోకి వెళ్లి స్ప్రింట్ (అంటే పరుగు) దగ్గర ‘హోల్డ్’ తీసేసి ‘టోగుల్’ పెట్టుకోండి, ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు. 2019 మోడరన్ వార్‌ఫేర్ లాంటి వాటిలో ఆటోమేటిక్ స్ప్రింటే ఉంది.

ఇక మీ ప్రశ్న. పెట్టేయొచ్చు, పెట్టినవాళ్లూ ఉన్నారు. 2016లో వచ్చిన డూమ్‌లో స్ప్రింట్ బటనే లేదు, మనిషి ఎప్పుడూ ఫుల్ స్పీడే. కౌంటర్ స్ట్రైక్‌లో అయితే వ్యవహారం తిరగేశారు: మామూలుగా పరుగు, షిఫ్ట్ నొక్కితే నడక. ఎందుకంటే అక్కడ పరిగెడితే అడుగుల చప్పుడు అవతలివాడికి వినిపిస్తుంది, నడిస్తే వినిపించదు. అంటే అక్కడ బటన్ నొక్కేది వేగం కోసం కాదు, చప్పుడు చేయకుండా ఉండటం కోసం.

నా లెక్క ఒకటే. పరుగుకి విడిగా బటన్ ఇచ్చారంటే, అది నొక్కినందుకు ఆటగాడు ఏదో ఒకటి వదులుకోవాలి. కాల్ ఆఫ్ డ్యూటీలో స్ప్రింట్ చేస్తున్నంతసేపూ కాల్చలేం, ఆపాక కూడా గన్ పైకి లేచేదాకా ఓ క్షణం పడుతుంది, మలుపు తిరగగానే మనం చచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే. చిరాకే, కానీ ఆ చిరాకు వల్లే ఇక్కడ పరిగెత్తాలా వద్దా అన్న ఆలోచన వస్తుంది.

ఈ విషయంలో హేలో అనే షూటింగ్ గేమ్‌ల సిరీస్ అభిమానుల గొడవ ఏళ్ల తరబడి నడిచింది. మొదటి మూడు హేలోల్లో స్ప్రింట్ లేదు. 2010లో హేలో రీచ్‌లో ఎంచుకుంటేనే వచ్చే శక్తిగా పెట్టారు, 2012లో హేలో 4కి వచ్చేసరికి అందరికీ ఇచ్చేశారు. పాతవాళ్ల అభ్యంతరం ఏంటంటే, అందరూ పరిగెడితే మ్యాప్‌లు కూడా దానికి తగ్గట్టు పెద్దవి చేయాలి, అప్పుడు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పట్టే టైమ్ తగ్గేదేముంది, మధ్యలో గన్ దించుకోవడం తప్ప? పైగా దెబ్బలు తింటున్నవాడు హాయిగా పారిపోతాడు. అందుకేనేమో హేలో 5లో పరిగెడుతున్నప్పుడు షీల్డ్ (దెబ్బల్ని ఆపే కవచం) మళ్లీ నిండకుండా చేశారు. 2021లో హేలో ఇన్ఫినిట్‌లో స్ప్రింట్ ఉంచారు గానీ మామూలు వేగానికీ దానికీ తేడా కొంచెమే. నన్నడిగితే అంత కొంచెం తేడాకి ఓ బటన్ కేటాయించడం దండగ, తీసేయాల్సింది.

ప్రశ్న: ఫోన్‌లో ఆడే బీజీఎంఐ షూటింగ్ గేమ్‌లో గన్ వీపుకి పెట్టేసి పరిగెత్తితే స్పీడ్ పెరుగుతుందని మా తమ్ముడు, అదంతా భ్రమ అని నేను. ఎవరు కరెక్ట్?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: తమ్ముడేనండీ. చేతులు ఖాళీగా ఉంటే వేగం ఎక్కువ. కాకపోతే ఎదురుగా ఎవడైనా లేస్తే గన్ తీసేలోపు పని అయిపోతుంది, అదే దాని ధర. మైదానం దాటేటప్పుడు సరే, ఇళ్ల మధ్య మాత్రం వద్దని చెప్పండి.

ప్రశ్న: బీటెక్ ప్రాజెక్టుకి గేమ్‌లు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో థర్డ్ పర్సన్ (మనిషి వెనక నుంచి కనిపించే) గేమ్ చేస్తున్నాను. స్ప్రింట్ వేగాన్ని నడకకి రెట్టింపు చేశాను, అయినా పరిగెడుతున్న ఫీల్ రావట్లేదు. ఇంకా పెంచాలా? పరిగెత్తేకొద్దీ తగ్గే స్టామినా (ఓపిక) బార్ పెట్టాలా?
– ఓ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అంకె పెంచకండి బాబూ, పెంచితే గోడలకి గుద్దుకోవడం తప్ప ఏమీ ఉండదు. బటన్ నొక్కగానే ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ వచ్చేస్తోందేమో చూసుకోండి. కాస్త ఊపందుకుంటూ పెరగాలి, ఆగేటప్పుడు ఓ అడుగు జారాలి. కెమెరా కోణం కొద్దిగా వెడల్పు చేయండి, అడుగుల చప్పుడు మార్చండి, దారి పక్కన చెట్లో స్తంభాలో పెట్టండి. ఖాళీ మైదానంలో ఎంత వేగమైనా నత్తనడకలాగే ఉంటుంది. కెమెరా మార్పుకి కొందరికి కళ్లు తిరుగుతాయి కాబట్టి దాన్ని ఆపే ఆప్షన్ కూడా ఇవ్వండి.

బటన్ విషయంలో ఓ జాగ్రత్త. డార్క్ సోల్స్‌లో ఒకే బటన్ నొక్కి పట్టుకుంటే పరుగు, నొక్కి వదిలితే దొర్లడం. మీరు పట్టుకుంటారో వదిలేస్తారో గేమ్‌కి ముందే తెలీదు కదా, అందుకే వేలు తీశాకే మనిషి దొర్లుతాడు. ఆ చిన్న ఆలస్యం దానిలాంటి నెమ్మది ఆటలో చెల్లింది, మీది వేగంగా కొట్టుకునే ఆటైతే రెండూ విడిగా పెట్టుకోండి. 1985 నాటి సూపర్ మారియోలో కూడా పరుగుకీ నిప్పు బంతికీ ఒకే బటన్, నిప్పు శక్తి ఉన్నప్పుడు పరుగు అందుకోగానే ఓ బంతి కూడా పోతుంది, అక్కడ అది నష్టమేమీ కాదు.

స్టామినా అంటారా, శత్రువు ఉన్నచోట పెట్టండి. ఎల్డెన్ రింగ్ బయట తిరిగేటప్పుడు పరుగుకి స్టామినా తీసుకోదు, పోరాటంలోనే ఖర్చవుతుంది. ఖాళీ రోడ్డు మీద పరిగెత్తి, ఆయాసపడి, ఆగి, మళ్లీ పరిగెత్తడంలో ఆడేవాడు నిర్ణయించుకునేది ఏమీ లేదు, మీ ఎగ్జామినర్ కూడా అక్కడే ఆవులిస్తాడు.