హాల్లో ఫ్రేములకు ఈఎంఐ పెట్టొచ్చా?

ప్రశ్న: విశాఖలో కొత్త ఫ్లాట్ కొన్నాం. హాల్లో 12×18 అంగుళాల ప్రింట్లు తొమ్మిదింటికి యూరోపియన్ తరహా బంగారు రంగు ఫ్రేములు కట్టించాలని ఉంది. ఇంటీరియర్ వాళ్లు రూ.54,000 అన్నారు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. జీతం రూ.62,000, ఇంటి లోను కిస్తీ రూ.27,000. తీసుకోవచ్చా?

జవాబు: ఫ్రేములు తప్పకుండా కట్టించుకోండి, కిస్తీ మీద మాత్రం వద్దు. ఇంకో రూ.4,500 తోడైతే జీతంలో సగం దాటి వాయిదాలకే పోతుంది. నో కాస్ట్ అన్నా వడ్డీ ఉంటుంది. ఆ మేరకు ధర తగ్గించి చూపిస్తారు, అంతే. ఏడాదికి 15 శాతం అనుకుంటే ఆ వడ్డీ దాదాపు రూ.4,140. దానిపై 18 శాతం జీఎస్టీ, సుమారు రూ.745, మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ వేరే.

ముందు మౌల్డింగ్ (ఫ్రేము బద్ద), మౌంట్ (అద్దం తగలకుండా ప్రింటు చుట్టూ వేసే అట్ట), అద్దం, వెనక బోర్డు, బిగింపు కూలి విడివిడిగా రాసిమ్మనండి. మౌల్డింగ్‌ను అడుగుల లెక్కన కొంటాం. చుట్టూ 2 అంగుళాల మౌంట్ వేస్తే మీ ప్రింటు 16×22 అవుతుంది, చుట్టుకొలత 76 అంగుళాలు. మూలలు ఏటవాలుగా కోస్తారు కాబట్టి మౌల్డింగ్ వెడల్పుకు 8 రెట్లు కలపాలి. ఒకటిన్నర అంగుళం వెడల్పయితే మొత్తం 88 అంగుళాలు, ఏడున్నర అడుగుల లోపే. ఒక్కో ఫ్రేమూ విడిగా కోస్తే బద్దలో మిగిలిన ముక్కకూ మీరే డబ్బు కడతారు. తొమ్మిదీ కలిపి కోయిస్తే ఆ ముక్కల్లోంచి పొట్టి వైపులు వస్తాయి. రంగూ ఒకేలా ఉంటుంది.

నగిషీ చెక్కినట్టుండే ఈ ఫ్రేముల్లో చాలావరకు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌వే. సముద్రపు గాలికి అవే నయం: ఉబ్బవు, చెదలు పట్టవు. కాకపోతే టేకు ధర పెట్టి కొనకండి. కోసిన అంచు చూస్తే చెక్కకు ఈనెలు కనిపిస్తాయి, దీనికి కనిపించవు.

మౌంట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ప్రింటు అద్దానికి ఆనుకుంటే తేమకు అంటుకుపోతుంది, బూజు పడుతుంది. యాసిడ్ లేని బోర్డే అడగండి, మామూలుది కొన్నేళ్లకు ప్రింటును పసుపెక్కిస్తుంది.

అదే రూ.4,500 నెలనెలా ఆర్డీలో వేయండి. ఫ్రేముల షాపులో నేరుగా ధర కనుక్కుని, దానికి సరిపడా జమయ్యాక తొమ్మిదీ ఒకేసారి రొక్కానికి కట్టించండి, తగ్గింపూ అడగొచ్చు. మధ్యలో ఇబ్బందొస్తే ఆర్డీ ఆపేయొచ్చు. కార్డు బాకీ అలా కాదు, గడువు తప్పితే చాలా కార్డులు నెలకు 3 శాతం పైనే వడ్డీ వేస్తాయి.