బాధ్యులా? జవాబుదారులా?

సందేహం: ‘బహుళజాతి కంపెనీల వల్ల మానవ హక్కుల ఉల్లంఘనలు జరిగినప్పుడు, అంతర్జాతీయ చట్టం కింద ఆ కంపెనీలను బాధ్యులను చేయాలి’ అని ఒక వ్యాసంలో రాశాను. ఎడిటర్ గారు ‘జవాబుదారీతనం ఉండాలి’ అని దిద్దారు. ఏది సరైన మాట?

సమాధానం: రెండూ వాడుకలో ఉన్నవే. కానీ ‘జవాబుదారీతనం’ కనబడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. జవాబు అరబ్బీ, దార్ పారశీకం. జమీందారులోనూ తహసీల్దారులోనూ ఉన్న దారే ఇది. చివరి ఈకారంలోనే ‘తనం’ అనే అర్థం ఉంది. జమీందారీతనం అనం కదా! జవాబుదారీ అంటే చాలు. అయినా పత్రికల్లో పాతుకుపోయిన మాట, పూర్తిగా తప్పని కొట్టెయ్యలేను.

అసలు విశేషం మీ మాటలో ఉంది. బాధ్ ధాతువుకు ఒత్తిడి పెట్టడం, అడ్డుకోవడం, పీడించడం అని అర్థాలు. అందులోంచి పుట్టినవాడే బాధితుడు, అందులోంచి పుట్టినవాడే బాధ్యుడు. పీడనకు గురైనవాడు బాధితుడు. ఒత్తిడి పెట్టి లొంగదీయదగినవాడు బాధ్యుడు. హిందీలో బాధ్య అంటే నేటికీ ‘మరో దారిలేక చేయాల్సినవాడు’ అనే. ఆ తప్పనిసరినే తెలుగు కర్తవ్యంగా మార్చుకుంది. నష్టపోయినవాణ్ణీ నష్టపరిచినవాణ్ణీ ఒకే ధాతువు ఇలా పక్కపక్కన నిలబెట్టడం నాకు ఎన్నిసార్లు చూసినా అబ్బురమే. పాత దస్తావేజుల్లో బాధ్యుడంటే హక్కుదారు కూడా, ఆ అర్థం ఇక్కడ అక్కర్లేదు.

2011లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు మాటల్ని తూచి వాడాయి. హక్కుల్ని కాపాడటం ప్రభుత్వాలకు విధి, గౌరవించడం కంపెనీలకు బాధ్యత. ఆ బాధ్యత తప్పిన కంపెనీని నిలదీసే కోర్టు మాత్రం ఆ సూత్రాల్లో లేదు. బలవంతం చేయలేనిదాన్ని బాధ్యత అంటే బాధ్ ధాతువుకు అన్యాయం చేసినట్టే. కట్టుబడక తప్పని ఒప్పందం కోసం 2014లో వర్కింగ్ గ్రూప్ వేశారు, అదీ ఏళ్ల తరబడి నలుగుతోంది.

జాంబియాలో రాగి గని తమ నీళ్లను పాడుచేసిందంటూ 1,826 మంది గ్రామస్థులు ఆ గని కంపెనీ మీదా, దాని మాతృసంస్థ వేదాంత మీదా లండన్‌లో దావా వేశారు. మాతృసంస్థను లండన్ కోర్టులోనే విచారించవచ్చని 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అంటే వచ్చి జవాబు చెప్పక తప్పదని. 2021లో రాజీ కుదిరింది, కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే. జవాబుదారీ కోర్టు గుమ్మం దాకా వచ్చింది, బాధ్యత తేలలేదు.

కాబట్టి కోర్టుకు రప్పించడం గురించి రాస్తే జవాబుదారులు, తప్పు తేల్చడం గురించి రాస్తే బాధ్యులు అనడం నాకిష్టం. మీ వాక్యం రెండోదే అనిపిస్తోంది, పూర్తి వ్యాసం చూడందే గట్టిగా చెప్పలేను.

ఇంకొకటి. ‘ఉల్లంఘనలు జరిగినప్పుడు’ అని రాశారే, కర్త ఎక్కడ? వాన కురిసినట్టు ఉల్లంఘన దానంతటది జరగదు. ‘కంపెనీ హక్కుల్ని ఉల్లంఘించినప్పుడు’ అని రాయండి.