బండి ఆగిపోయిన చోట: దూర ప్రయాణికుల ప్రశ్నలు, జవాబులు

మోటార్‌సైకిల్ మీద నెలల తరబడి సాగే ప్రయాణాల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు రెండు విషయాలనే ప్రస్తావించాయి. ఒకటి దారిలో ఎదురయ్యే ఆటంకాలు, రెండవది అటువంటి సమయంలో ముక్కూ మొహం తెలియని మనుషులు చేసే సాయం. ఈ రెండింటినీ విడదీసి మాట్లాడటం కష్టం కనుక ఆ ఉత్తరాలకు ఒకేచోట జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: ఒంటరిగా కొన్ని నెలల ప్రయాణానికి సిద్ధమవుతున్నాను. దారిలో ఎవరో ఒకరు ఆదుకుంటారని మిత్రులు అంటున్నారు. ఇంట్లోవాళ్ళేమో ఎవరినీ నమ్ముకోవద్దని, అవసరమయ్యే ప్రతి వస్తువూ వెంట తీసుకువెళ్ళమని పట్టుబడుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: దారిన పోయే మనిషి మీకు ఏమి ఇవ్వగలడో, ఎంత మంచివాడైనా ఏమి ఇవ్వలేడో ముందుగా ఆలోచించండి. అప్పుడు ఏ సామాను కట్టుకోవాలో దానంతట అదే తేలిపోతుంది. పడిపోయిన బండిని లేపడానికి అతను చేయి వేయగలడు. స్పానరు, సుత్తి, తాడు, నీళ్ళు, నీడ ఇవ్వగలడు, విరిగిన స్టాండుకు వెల్డింగు చేసే మనిషి దగ్గరకు తీసుకువెళ్ళగలడు, బండిని తన వాహనంలో ఎక్కించుకుని ఊరు చేర్చగలడు. అయితే మీ బండికి మాత్రమే పట్టే క్లచ్ కేబుల్, మీ చక్రం కొలతకు సరిపోయే ట్యూబు, తెగిన చైను కొనలను కలపడానికి మీ చైనుకు సరిపడే లింకు అతని దగ్గర ఉండవు. చైన్ల మీద వాటి కొలతను తెలిపే 428, 520, 525 వంటి అంకెలు ఉంటాయి. ఒక అంకె చైనుకు మరొక అంకె లింకు పట్టదు కనుక, ఆ చిన్న ఇనుప ముక్క లేక బండ్లు రోజుల తరబడి నిలిచిపోతుంటాయి.

అందుచేత ఎక్కడైనా దొరికే వస్తువులను వదిలేసి, మీ బండికే చెందిన చిన్న భాగాలను మాత్రం తప్పక పెట్టుకోండి. క్లచ్ కేబుల్, క్లచ్ లీవరు, బ్రేక్ లీవరు, చైన్ లింకు, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్గు, ట్యూబు, రెండు టైరు లీవర్లు, ఒక చిన్న గాలి పంపు ఉంటే చాలా ఇబ్బందులు అక్కడికక్కడే తీరిపోతాయి. కొత్త కేబులును పాతదాని పక్కనే, అదే దారిలో ముందుగానే పరిచి కట్టేసుకోవడం అనుభవజ్ఞులు పాటించే మంచి పద్ధతి. పాతది తెగిన రోజున ట్యాంకు విప్పే పని లేకుండా కొనలు మాత్రం మార్చుకుంటే సరిపోతుంది.

టైర్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే చక్రం విప్పకుండానే పైనుంచి ప్లగ్గు దూర్చి గాలి పట్టుకోవచ్చు. అయితే టైరు పక్కభాగంలో చీలిక వస్తే ఆ పద్ధతి పనికిరాదు. స్పోకులున్న చక్రాలకు చాలావరకు ట్యూబు ఉంటుంది కాబట్టి చక్రం విప్పి, టైరు అంచును రిమ్ము మీదనుంచి తప్పించి, ట్యూబు బయటికి తీయక తప్పదు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనుకది 18 అంగుళాలు ఉన్న బండ్లకు కొందరు 21 అంగుళాల ట్యూబు ఒక్కటే తీసుకువెళతారు. గత్యంతరం లేనప్పుడు అది వెనుక చక్రంలోనూ సర్దుకుని తరువాతి ఊరి వరకు తీసుకుపోతుంది. ఈ పనిని బయలుదేరే ముందు మీ చేతులతో మీరే ఒకసారి పూర్తిగా చేసి చూడండి. పని తెలిసిన మనిషికి సాయం చేయడం ఎవరికైనా తేలిక, ఎందుకంటే ఏది పట్టుకోవాలో, ఎటు నొక్కాలో అతను చెప్పగలడు.

ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు ప్రతి వస్తువూ మోసుకుపోతే బండి బరువెక్కుతుంది. బరువెక్కిన బండి ఇసుకలోను, బురదలోను తేలికగా పడిపోతుంది, పడ్డాక ఒక్కరే లేపలేరు. అంటే ఎవరి మీదా ఆధారపడకూడదని మోసిన బరువే మిమ్మల్ని మరింతగా ఇతరుల మీద ఆధారపడేలా చేస్తుంది. ఈ మాట ఇంట్లోవాళ్ళకు నెమ్మదిగా చెప్పి చూడండి.

ప్రశ్న: నేను స్త్రీని. ఒంటరిగా ప్రయాణం చేయాలని ఉంది. అపరిచితులు మంచివాళ్ళే అన్న కథలు చాలా విన్నాను కానీ, అందరూ అలాగే ఉంటారని నమ్మి బయలుదేరలేను. ఎవరిని నమ్మాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ సందేహం న్యాయమైనది, దాన్ని వదులుకోవద్దు. ఈ దారిలో మీకంటే ముందు నడిచినవాళ్ళ అనుభవం కూడా రెండు రకాలుగానూ ఉంది. 1916లో అగస్టా, అడలీన్ వాన్ బ్యూరెన్ అనే అక్కాచెల్లెళ్ళు చెరొక ఇండియన్ మోటార్‌సైకిల్ మీద న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి బయలుదేరి అమెరికా ఖండాన్ని దాటారు. దారిలో కొన్ని చిన్న ఊళ్ళలో పోలీసులు వాళ్ళను ఆపింది వేగం గురించి కాదు, మగవాళ్ళ దుస్తులు వేసుకున్నందుకు. అదే ప్రయాణంలో సాల్ట్ లేక్ సిటీకి పశ్చిమాన ఉన్న ఎడారిలో దారి తప్పి, తెచ్చుకున్న నీళ్ళు అయిపోయిన స్థితిలో వాళ్ళను కాపాడింది ఖనిజాల కోసం అటుగా తిరుగుతున్న ఒక ఒంటరి మనిషి. అధికారం ఉన్నవాళ్ళు అడ్డుపడ్డ దారిలోనే ఏ సంబంధమూ లేనివాడు నీళ్ళు ఇచ్చాడు.

బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే నల్లజాతి మహిళ 1930ల నుంచి అమెరికా అంతటా ఒంటరిగా మోటార్‌సైకిల్ నడిపింది. జాతి వివక్ష కారణంగా బస గృహాలు ఆమెను రానిచ్చేవి కావు. నల్లజాతి కుటుంబాలు దొరికినచోట వాళ్ళ ఇళ్ళలో ఉండేది, దొరకని రాత్రి పెట్రోలు బంకులో తన బండి మీదే పడుకునేది. ఆమె అందరినీ నమ్మలేదు, అందరికీ దూరంగానూ ఉండలేదు. ఏ తలుపు తట్టాలో, ఎక్కడ వెలుతురులో ఉండిపోవాలో తానే నిర్ణయించుకుంది. మీ ప్రశ్నకు అంతకంటే స్పష్టమైన జవాబు నాకు తెలియదు.

మీరు చూసి, ఎంచుకుని అడిగిన మనిషి వేరు, తానై మీ దగ్గరకు వచ్చిన మనిషి వేరు. తానై వచ్చినవాళ్ళలోనూ ఎక్కువమంది మంచివాళ్ళే ఉంటారు. అయినా ఎంపిక మీ చేతిలో ఉన్నప్పుడు ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి పిల్లలతో ఉన్న కుటుంబాన్ని, పని చేసుకుంటున్న స్త్రీలను, నలుగురు మసిలే చోటును ముందుగా చూడండి. పలకరించే ముందు హెల్మెట్, నల్ల కళ్ళద్దాలు తీయండి. ముఖం కనిపించని మనిషిని చూసి అవతలివాళ్ళు కూడా జంకుతారు, ఆ సంగతి ప్రయాణికులు తరచుగా మరిచిపోతారు. కావలసింది ఒకే మాటలో చెప్పండి. ఎలాగైనా సాయం చేయమని అడిగితే ఏమి చేయాలో ఎదుటి మనిషికి తోచదు. నీళ్ళు కావాలనో, ఈ గోడ పక్కన రాత్రికి డేరా వేసుకోవచ్చా అనో అడిగితే వెంటనే అవునో కాదో చెప్పగలరు.

చీకటి పడటానికి ఒకటి రెండు గంటల ముందే బస చూసుకోవడం అన్ని జాగ్రత్తల కంటే ముఖ్యమని నా అభిప్రాయం. చీకటి పడుతోందన్న తొందర లేకపోతే నచ్చని చోటును వదిలేసి మరొక చోటుకు పోవడానికి సమయం ఉంటుంది. ఎక్కడ ఉంటున్నారో ఇంటికి ఒక సందేశం పంపండి. ఎవరైనా వాహనంలో ఎక్కించుకుంటే దాని నంబరు కూడా పంపండి. మనసు ఒప్పకపోతే కారణం చెప్పనక్కరలేదు. నా కోసం మనిషి వస్తున్నాడని చెప్పి అక్కడినుంచి కదలండి, ఆ మాట అబద్ధమైనా సరే.

ప్రశ్న: నా బండి చెడిపోయినప్పుడు ఒక కుటుంబం నన్ను రెండు రాత్రులు తమ ఇంట్లో ఉంచుకుంది. బయలుదేరేటప్పుడు డబ్బు ఇవ్వబోతే ఇంటి పెద్ద ముఖం చిన్నబోయింది. నేను తప్పు చేశానా?

జవాబు: ఇవ్వాలనుకోవడం తప్పు కాదు. అయితే సాయం చేసే వ్యక్తికి అది జీవనోపాధా, ఆతిథ్యమా అన్నది గమనించాలి. మెకానిక్కు, వెల్డింగు చేసిన మనిషికి, బండిని మోసుకువచ్చిన వాహనం యజమానికి వాళ్ళు వద్దన్నా పూర్తి కూలి ఇవ్వడం మర్యాద, ఎందుకంటే మీ కోసం వాళ్ళు ఆ పూట సంపాదన వదులుకున్నారు. ఇంట్లో చోటిచ్చిన కుటుంబం విషయం అలా కాదు. అక్కడ ఒకసారి అడగండి, కాదంటే మళ్ళీ ఒత్తిడి చేయవద్దు. పట్టుబట్టి ఇస్తే వాళ్ళు ప్రేమతో చేసినదానికి మీరు వెల కట్టినట్టు అవుతుంది.

వాళ్ళు కోరుకునేది చాలాసార్లు మీ సమయం. పటం తెరిచి పిల్లలకు మీరు వచ్చిన దారి చూపించండి, వాళ్ళు చెప్పేది తొందరపడకుండా వినండి. ఫొటో పంపుతానని మాట ఇస్తే తప్పకుండా పంపండి. మాట ఇచ్చి మరిచిపోయే ప్రయాణికులు చాలామంది, ఆ ఫొటో కోసం ఎదురుచూసే ఇళ్ళు కూడా చాలానే ఉంటాయి. వాళ్ళ పేరు, ఇంటి ఆనవాళ్ళు అడగకుండా నలుగురికీ కనిపించేలా మాత్రం పెట్టవద్దు. మీకు తెరిచిన తలుపు ఊరందరికీ తెరిచినట్టు కాదు.

ప్రశ్న: తెలియని దేశంలో ప్రమాదం జరిగి స్పృహ తప్పితే నా గతి ఏమిటన్న భయం నన్ను వెనక్కి లాగుతోంది.

జవాబు: ఎల్స్‌పెత్ బియర్డ్ అనే లండన్ యువతి 1982లో ఒక పాత బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్ మీద ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టడానికి బయలుదేరి 1984లో తిరిగి వచ్చింది. ఆ ప్రయాణంలో ఆస్ట్రేలియాలో ఒకసారి, థాయ్‌లాండ్‌లో మరొకసారి ఆమె తీవ్రంగా గాయపడింది. థాయ్‌లాండ్‌లో ఒక కుక్క అడ్డు రావడంతో ఆమె పడిపోగా, అక్కడి కుటుంబమే కోలుకునేవరకు ఆమెను చూసుకుంది. ఇటువంటి మనుషులు ప్రతిచోటా దొరుకుతారని నేను హామీ ఇవ్వలేను. దొరికినప్పుడు వాళ్ళ పని తేలికయ్యేలా మీరు ముందే కొంత చేసి పెట్టవచ్చు.

మీ పేరు, రక్తం గ్రూపు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు రాసిన కాగితాన్ని ఆ దేశపు లిపిలో కూడా రాయించి జాకెట్టు జేబులో ఉంచండి. ఫోనుకు తాళం పడి ఉన్నా అత్యవసర వివరాలు కనిపించేలా అమర్చుకోండి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో 112 అత్యవసర నంబరుగా పనిచేస్తుంది. వేరే దేశాలలో అడుగుపెట్టిన రోజునే అక్కడి నంబరు తెలుసుకోండి. పడిపోయిన మనిషి హెల్మెట్‌ను దయతోనే అయినా తొందరపడి లాగితే మెడకు, వెన్నెముకకు హాని కలగవచ్చు. శ్వాస అందని స్థితిలో తీయక తప్పనప్పుడు ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకుంటే మరొకరు నెమ్మదిగా తీయాలి. ఈ సంగతి మీరూ గుర్తుంచుకోండి, రేపు దారిలో మరొకరికి మీరే ఆ అపరిచితులు కావచ్చు.

ప్రశ్న: పొరుగు దేశంలో నా బండి ఇంజను పట్టేసింది. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన బండిని తన షెడ్డులో దాచిపెట్టారు, నేను బస్సులో ఇంటికి వచ్చేశాను. ప్రయాణం సగంలో ఆగింది. నాకోసం అంత చేసిన ఆయనకు ముఖం చూపించలేననిపిస్తోంది.

జవాబు: 1912లో కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ, వాల్టర్ స్టోరీ అనే ఇద్దరు అమెరికన్లు హెండర్సన్ మోటార్‌సైకిళ్ళ మీద భూగోళాన్ని చుట్టాలని డబ్లిన్ నుంచి బయలుదేరారు. స్టోరీ పారిస్‌తో ఆగిపోయాడు, క్లాన్సీ ఒక్కడే కొనసాగి 1913లో న్యూయార్క్ చేరాడు. దాదాపు 29,000 కిలోమీటర్ల ఆ ప్రయాణం మొదలైనప్పుడు పక్కన స్టోరీ ఉన్నాడు. సగంలో ఆగినవాళ్ళను లెక్క నుంచి తీసివేస్తే ఏ ప్రయాణ చరిత్రా పూర్తి కాదు. ఆ పెద్దాయన షెడ్డు తెరిచింది మీరు గమ్యం చేరతారని పందెం కాసి కాదు, దారిలో చిక్కుకున్న మనిషిని చూసి. క్షేమంగా ఇల్లు చేరారన్న కబురే ఆయనకు ముందుగా కావాలి.

ఇంజను ఎందుకు పట్టేసిందో కారణం తెలుసుకోకుండా మాత్రం మళ్ళీ బయలుదేరవద్దు. రోజూ ఎక్కువ గంటలు నడిచే బండి కొద్దికొద్దిగా ఆయిలు తాగుతుంది. ఉదయాన్నే మట్టం చూసుకునే అలవాటు లేకపోతే ఆ సంగతి ఆలస్యంగా బయటపడుతుంది.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది మరొకటి. పొరుగు దేశంలోకి తాత్కాలికంగా అనుమతించిన బండికి తిరిగి వెళ్ళిపోవాల్సిన తేదీ ఒకటి ఉంటుంది. కార్నే అనే కస్టమ్స్ పత్రం మీద తీసుకువెళ్ళినా, అది సాధారణంగా ఏడాది చెల్లుతుంది గానీ ఆయా దేశం ఇచ్చే గడువు అంతకంటే తక్కువ ఉండవచ్చు. ఆ తేదీ దాటితే సుంకం, జరిమానా మీ మీద పడతాయి, బండి తన షెడ్డులో ఉన్నందుకు ఆ పెద్దాయన కూడా అధికారులకు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. మేలు చేసిన మనిషిని చిక్కుల్లో పెట్టకుండా ఉండటం మీ మొదటి బాధ్యత. ఈ వారంలోనే మీ పత్రాల మీద తేదీ చూసుకోండి. గడువు దగ్గరపడితే దాన్ని పొడిగించమని అక్కడి కస్టమ్స్ కార్యాలయానికి రాతపూర్వకంగా కోరండి, ఆ ఉత్తరం ప్రతిని ఆయనకు కూడా పంపండి.