బొక్క, ఎముక, మూలుగ

సందేహం: మా నానమ్మ ‘బొక్క ఇరిగింది’ అంటది. హాస్టల్లో కోస్తా స్నేహితురాళ్లేమో బొక్క అంటే కన్నం కదా అని నవ్వుతున్నారు. ఆ మాట తప్పా? మా పుస్తకంలోని ‘ఎముక మజ్జ’ను తెలుగులో ఏమనాలి?
– నర్సింగ్ విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: తప్పు కాదమ్మా. మన దిక్కు బొక్క అంటే ఎముకే. కన్నాన్ని పొక్క అంటాం. బొక్కను కన్నమనడం వాళ్ల వాడుక. పరీక్షలో ఎముక అని రాయండి. అదీ అచ్చతెలుగే, పాత ‘ఎమ్ము’ నుంచి వచ్చింది, తమిళ ఎలుంబుకు చుట్టం. అస్థి సంస్కృతం. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న భాషా దినోత్సవం చేసుకునే గడ్డ మీద పిల్లలు ఇంటి మాటకు సిగ్గుపడితే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఎముక లోపలి మెత్తనిదానికి మనకు మూలుగ అనే చక్కని మాట ఉంది. ఆదివారం మటన్ దుకాణం దగ్గర నిలబడితే ‘అన్నా, రెండు మూలుగ బొక్కలు ఎయ్యి’ అని వినపడుతుంది. ఉడికిన ఆ బొక్కను పళ్లెం అంచుకు కొడితే జారిపడేదే మూలుగ. తమిళంలో దీని తోబుట్టువు మూళై. అక్కడ మెదడు, మూలుగ రెండూ. కన్నడంలో మూళె; అక్కడ ఎముకే! ఒక ఇంట్లో పైపెంకు, ఒక ఇంట్లో లోపలి గుజ్జు, ఇంకో ఇంట్లో పుర్రెలోని గుజ్జు. గట్టి గూట్లో దాగిన మెత్తన అనే ఊహే వీటన్నిటి వెనుక ఉందని నా నమ్మకం. జ్వరమొచ్చినప్పటి మూలుగు వేరు, దీనితో ముడిపెట్టకండి.

ఎముకంటే రాయి కాదు. పైన గట్టి పొర. లోపల, ముఖ్యంగా కొసల్లో, తేనెపట్టులాంటి సన్నని అరలు. ఆ అరల్లో, నడుమ గొట్టంలో మూలుగ ఉంటుంది. ఎర్ర మూలుగలో నెత్తుటి కణాలు పుడతాయి, పసుపుపచ్చనిది చాలావరకు కొవ్వు. గట్టి భాగమూ ఒట్టి సున్నం కాదు. నీటిని పక్కనబెడితే బరువులో దాదాపు 65 శాతం కాల్షియం ఫాస్ఫేట్ తరహా ఖనిజం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే నార. కోడికాలు బొక్కను కొన్నాళ్లు వెనిగర్‌లో నానబెట్టండి, ఖనిజం కరిగిపోయి వేళ్ల మధ్య రబ్బరులా వంగుతుంది. పొయ్యిలో బాగా కాల్చితే నార కాలిపోయి, ముట్టుకోగానే పొడిపొడి అవుతుంది.

ఆయుర్వేదం సప్తధాతువుల్లో అస్థి తర్వాత మజ్జను చెప్పింది. మజ్జ అంటేనే ఎముకలోది. ‘ఎముక మజ్జ’ పునరుక్తి. పత్రికల ‘బోన్‌మ్యారో మార్పిడి’ ఇంకా బాధ. టీవీల్లో అస్థిపంజరాన్ని ‘ఆస్తిపంజరం’ చేస్తున్నారు. ఎముకల గూడు ఆస్తుల గూడవుతోంది!

మూలుగ మార్పిడి అని రాయవచ్చా అంటే, మన జిల్లాల్లో తెలుస్తుంది. అన్ని చోట్లా తెలుస్తుందని గట్టిగా చెప్పలేను. పుస్తకంలో మజ్జ అనే ఉండనివ్వండి. వార్డులో ముసలమ్మకు చెప్పేటప్పుడు మాత్రం ‘అవ్వా, మూలుగల నుంచి జరంత తీసి పరీక్ష చేస్తరు’ అనండి.