గుహలో కుండ దొరికితే పూజ జరిగినట్టేనా?

ప్రశ్న: బెలుం గుహలు చూసొచ్చాక మధ్య అమెరికా మాయా ప్రజల గుహల గురించి చదివాను. లోపల కుండలు, బొగ్గు కనబడితే చాలు, ‘పూజలు చేశారు’ అని రాస్తున్నారు. కాపురమే ఉండి ఉండొచ్చుగా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: కుండ ఒక్కటే ఏమీ చెప్పదండి. ఎంత లోపల, ఏ స్థితిలో ఉందో చూడాలి. వెలుతురు పడే గుహ ముఖం దగ్గర పొయ్యి, తిని పారేసిన ఎముకలు ఉంటే కాపురం అనుకోవచ్చు. మాయా గుహల్లో మాత్రం చిమ్మచీకట్లోనూ బోలెడు వస్తువులు దొరికాయి. బెలీజ్‌లోని ఆక్టున్ తునిచిల్ ముక్నాల్‌లోకి వెళ్లాలంటే మొదట్లోనే ఈదాలి, తర్వాత వాగులో నడిచి పైగదికి ఎక్కాలి. పిల్లాజెల్లాతో అక్కడెవరు ఉంటారు? పైగా అక్కడి కుండలు కొన్నిటికి కావాలని కొట్టిన చిల్లులున్నాయి.

మెక్సికోలోని యుకాటన్‌లో ఉన్న బలాంకాంచే గుహలో, పూర్వం ఎప్పుడో మూసేసిన గోడ వెనక వానదేవుడి ముఖమున్న ధూపపాత్రలు, వాటితోపాటు చిట్టి సన్నికల్లు, పొత్రాలు 1959లో బయటపడ్డాయి. అంత చిన్నవాటితో ఇంటికి సరిపడా మొక్కజొన్న నూరడం అయ్యే పని కాదు. సున్నపు ఊడల కింద చుక్కలు పట్టేందుకు పాత్రలు పెట్టిన గుహలూ ఉన్నాయి. మన మడినీళ్లలాగా, అవి ఎవరూ తాకని నీళ్లు.

తప్పులు జరిగేది కాలం లెక్క దగ్గర. కాగడాల బొగ్గుకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే చెక్క పెరిగిన కాలం తెలుస్తుంది, కాల్చిన రోజు కాదు. ముసలి మాను చేవ అయితే తేదీ చాలా వెనక్కి పోతుంది. అందుకే సన్నపుల్లలు, మొక్కజొన్న కండెలు ఏరతారు. ఇంకో చిక్కు వరద: పెంకులను ఈడ్చుకొచ్చి ఒకచోట పోగేస్తుంది. అంచులు అరిగి నునుపెక్కితే అనుమానించాల్సిందే. సున్నపు పొరతో నేలకు అతుక్కుపోయినవి నయం, పొర కట్టాక కదల్లేదని నమ్మొచ్చు. ఆ పొర వయసు యురేనియం-థోరియం పద్ధతిలో తేలితే, కింది వస్తువు అంతకన్నా పాతదన్నమాట. యుకాటన్‌లోనే ఉన్న పాత మాయా నగరం చిచెన్ ఇట్జా దగ్గర 2018లో మళ్లీ తెరిచిన బాలంకూ గుహలో పురావస్తు శాస్త్రవేత్త గియెర్మో దె ఆందా బృందం ధూపపాత్రలను ఉన్నచోటే ఉంచి నమోదు చేసింది. కదిపాక సాక్ష్యం సగం పోయినట్టే.

ప్రశ్న: మాయా ప్రజలు బలి ఇచ్చింది కన్యలనేనా?
– మరో పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఆ కథకు బలమైన ఆధారం లేదు. చిచెన్ ఇట్జాలో చిన్న గుహకు ఆనుకున్న రాతి తొట్టిలో 1967లో దొరికిన ఎముకల్లో 64 మంది డీఎన్ఏను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. అందరూ మగపిల్లలే, వాళ్లలో రెండు జతల కవలలు.