గలీనా ప్రాజెక్ట్‌కి గ్రాంట్ ఒక్కడే కాదండి

మీ అబ్బాయి స్కూల్ ప్రాజెక్ట్‌కి ఇల్లినాయ్‌లోని గలీనా గురించి వెతికితే అమెరికా సివిల్ వార్ జనరల్, తర్వాత ప్రెసిడెంట్ అయిన యులిసిస్ గ్రాంట్ తప్ప ఎవరూ దొరకట్లేదన్నారు కదా, నన్నడిగితే ఈలీ పార్కర్‌తో మొదలుపెట్టమనండి. ఆయన సెనెకా అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి, లా చదివినా అమెరికన్ పౌరుడు కాదని లాయర్‌గా చేరనివ్వలేదు, దాంతో ఇంజనీర్ అయ్యి 1857లో గలీనాలో కస్టమ్స్ హౌస్ కట్టించడానికి వచ్చాడు, ఆ బిల్డింగ్‌లో పోస్టాఫీస్ ఇప్పటికీ నడుస్తోంది. 1860లో గ్రాంట్ వాళ్ళ నాన్న తోలు షాపులో పని చేయడానికి వచ్చాక ఇద్దరికీ స్నేహం కుదిరింది, 1865లో అపోమాటాక్స్‌లో దక్షిణాది సైన్యం జనరల్ లీ గ్రాంట్‌కి లొంగిపోయినప్పుడు ఆ షరతుల ఫైనల్ కాపీ రాసింది పార్కరే! పౌరుడు కూడా కాదన్న మనిషి చేతిరాత అది, పిల్లలకి ఇది తప్పకుండా తెలియాలి.

ఇంకా ఆ ఊరి లాయర్ జాన్ రాలిన్స్ ఉన్నాడు, గ్రాంట్‌కి కుడిభుజం, 1869లో వార్ సెక్రటరీ కూడా అయ్యాడు. గ్రాంట్‌కి జనరల్ పదవి కోసం వాషింగ్టన్‌లో గట్టిగా పట్టుబట్టిన కాంగ్రెస్‌మన్ ఎలైహు వాష్‌బర్న్‌దీ ఇదే ఊరు.

ఊరి చరిత్రకైతే సీసం గనులు, స్టీమ్‌బోట్లు, తర్వాత నది పూడిపోవడం, ఈ మూడూ రాస్తే చాలండి.